ఒవటోనా ఊళ్ళో ఆ ఎర్ర బ్యాంకు బిల్డింగు కథ ఎవరికైనా తెలుసా? (మా మావగారు వదలట్లేదు)

తణుకు_తమ్ముడు:

అందరికీ నమస్కారం అండి. మేం ఉండేది రాచెస్టర్, మిన్నెసోటా. మా అత్తగారు, మావగారు మే నెలలో వచ్చారు, ఇంకో పది రోజుల్లో వెళ్ళిపోతున్నారు. మావగారు తణుకు పక్కన పల్లెటూళ్ళో సొసైటీ సెక్రటరీగా చేసి రిటైరయ్యారు, రైతులకి పంట రుణాలివ్వడం, ఎరువు బస్తాలు అమ్మడం, మళ్ళీ ఆ అప్పులు వసూలు కాక తల పట్టుకోవడం, ఆయన సర్వీసంతా ఇదే. ఇదెందుకు చెప్తున్నానంటే మొన్న శనివారం జరిగిందంతా దానివల్లే.

ఒవటోనా వెళ్ళాం, మాకు పడమరగా నలభై మైళ్ళు, హైవే 14 మీద. అక్కడ వేట సామాన్లమ్మే పెద్ద షాపుంది కదా, దాన్నిండా బతికున్నట్టే నిలబెట్టిన ఎలుగుబంట్లు, దుప్పులు ఉంటాయి, ఇండియా నించి ఎవరొచ్చినా మేం చూపించే టూరిస్ట్ స్పాట్ అదే (నవ్వకండి, రాచెస్టర్ చుట్టుపక్కల ఇంకేముంది చెప్పండి). ఆయన అయిదు నిమిషాల్లో అన్నీ చూసేసి "ఊళ్ళోకి పోదాం పద" అన్నారు. సరే కాఫీ తాగొచ్చు కదాని డౌన్‌టౌన్‌కి తీసుకెళ్ళా. ఊరు మొత్తం కలిపితే ఇరవై ఆరు వేల జనం, మధ్యలో ఒక పార్కు, చుట్టూ మామూలు రెండంతస్తుల పాత షాపులు. ఆ పార్కు ఎదురుగా మూల మీద ఉంది ఇది. ఎలా చెప్పాలి... పెద్ద ఎర్ర పెట్టె. కింద ఎర్ర రాయి, పైన ఎర్ర ఇటుక, రెండు వీధుల వైపూ ఒక్కో బ్రహ్మాండమైన ఆర్చి, ఆర్చి నిండా రంగుటద్దాలు, చుట్టూ పట్టుచీర అంచులాగా పచ్చ రంగు బోర్డరు, మూలల్లో తీగలూ ఆకులూ చుట్టుకుపోయిన పెద్ద డిజైన్లు. స్తంభాలు లేవు, మెట్ల వరసలు లేవు.

మావగారు కాఫీ కప్పు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. "ఇది గుడా, చర్చా?" అన్నారు. బ్యాంకండీ, రైతుల బ్యాంకు అని ఫోన్లో చూసి చెప్పా. అంతే. అప్పట్నించీ రోజూ పొద్దున టిఫిన్ దగ్గర అవే ప్రశ్నలు: రైతుల బ్యాంకుకి ఇంత ఖర్చు ఎవడు పెట్టాడు, ఎందుకు పెట్టాడు, కట్టించినవాడు చివరికి ఏమయ్యాడు. మేం వెళ్ళేసరికి తలుపులు మూసేసి ఉన్నాయి కాబట్టి లోపల చూడలేదు. నాకు తెలిసిందల్లా లూయీ సల్లివన్ అనే ఆయన డిజైన్ చేశాడని, 1908లో అని. ఎవరికైనా సరిగ్గా తెలిస్తే రాయండి ప్లీజ్, ఆయన ఫ్లైట్ ఎక్కేలోపు చెప్పాలి.

ఇటుకలబట్టీ:

తమ్ముడూ, మీ మావగారికి ముందు నా నమస్కారాలు చెప్పు. నేను చికాగోలో ఆర్కిటెక్చర్ ఫీల్డ్‌లో ఉన్నా, ఈ ఒక్క బిల్డింగు కోసం ఆరు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళినవాణ్ణి, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ముందు కట్టించినవాడి సంగతి. కార్ల్ బెనెట్ అని, నేషనల్ ఫార్మర్స్ బ్యాంకుకి వైస్ ప్రెసిడెంట్. వాళ్ళ నాన్న డాక్టరు, బ్యాంకు ఫ్యామిలీది. ఇతను హార్వర్డ్‌లో చదివాడు, ప్రాణమంతా సంగీతం మీద. కానీ ఇంటికొచ్చి బ్యాంకు చూసుకోవాల్సొచ్చింది, మన ఇళ్ళల్లో రైస్ మిల్లో బట్టల షాపో ఉంటే పెద్ద కొడుక్కి ఏమవుతుందో అదే అనుకో. 1906 ప్రాంతంలో బ్యాంకుకి కొత్త బిల్డింగు కట్టాలనుకున్నారు. అప్పట్లో అమెరికాలో ఏ ఊళ్ళో బ్యాంకు చూసినా గ్రీకు గుడిలాగే ఉండేది, తెల్ల రాయి, ముందు నాలుగు స్తంభాలు, డబ్బు భద్రంగా ఉందని జనం నమ్మాలంటే అలా ఉండాలని ఒక లెక్క. బెనెట్‌కి అది నచ్చలేదు, ఆ గుడి స్టైలుకీ బ్యాంకు పనికీ సంబంధం లేదు, లోపల వాడకానికీ సౌకర్యం ఉండదు అన్నాడు. అప్పుడే క్రాఫ్ట్స్‌మన్ అనే పత్రికలో సల్లివన్ రాసిన వ్యాసం చదివాడు. చదివి సల్లివన్‌నే పిలిపించాడు.

ఇక్కడ సల్లివన్ గురించి కొంచెం చెప్పకపోతే కథ అర్థం కాదు. ఆకాశహర్మ్యాలు ఎలా ఉండాలో మొదట ఆలోచించిన మనిషి. సెయింట్ లూయిస్‌లో వెయిన్‌రైట్, బఫెలోలో గ్యారంటీ బిల్డింగు, చికాగో ఆడిటోరియం, అన్నీ ఇతను, ఇతని పార్ట్‌నర్ ఆడ్లర్ కలిసి చేసినవే. బిల్డింగు రూపం దాని పనిని బట్టి రావాలనే మాట, ఇప్పుడు మన ఆర్కిటెక్చర్ కాలేజీల్లో ఫస్ట్ ఇయర్‌లోనే బట్టీ పట్టిస్తారు చూడు, అది 1896లో ఇతను రాసిందే. తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ కుర్రాడిగా అయిదారేళ్ళు పని నేర్చుకుంది ఇతని ఆఫీసులోనే. అలాంటి మనిషికి 1895లో ఆడ్లర్‌తో విడిపోయాక పనులు తగ్గిపోయాయి. క్లయింట్లని తెచ్చేదీ, వాళ్ళతో మాట్లాడేదీ ఆడ్లర్, ఇతనికేమో మొహమాటం లేదు, ఎదుటివాడు ఎంత డబ్బున్నవాడైనా తనకి నచ్చకపోతే నచ్చలేదనేస్తాడు. దానికి తోడు 1893 చికాగో ఎగ్జిబిషన్ (తెల్ల స్తంభాల బిల్డింగులతో నింపేసిన ప్రపంచ మేళా) తర్వాత దేశమంతా ఆ తెల్ల స్తంభాల పిచ్చి పట్టుకుంది, ఆ ఎగ్జిబిషన్ చేసిన డ్యామేజీ అర్ధ శతాబ్దం పోదని తర్వాత రాసుకున్నాడు కూడా.

అంటే బెనెట్ పిలిచేటప్పటికి సల్లివన్‌కి యాభై ఏళ్ళు, చేతిలో పని లేదు. చికాగోలో పిలిచేవాడు లేనప్పుడు, వెన్న అమ్ముకునే చిన్న ఊళ్ళో ఒక బ్యాంకరు పిలిచాడు. 1907లో మొదలుపెట్టి 1908లో తెరిచారు.

ఇక ఇంకో మనిషి ఉన్నాడు, అతని పేరు ఎవరూ చెప్పరు, నాకు అదే మంట. జార్జ్ ఎల్మ్‌స్లీ. స్కాట్లాండ్ వాడు, సల్లివన్ దగ్గర ఇరవై ఏళ్ళు చేశాడు. నువ్వు పట్టుచీర అంచు అన్నావే, ఆ డిజైన్లలో చాలా భాగం అతని చెయ్యే. ముందు సల్లివన్ చిన్న ఆర్చీలు కొన్ని వరసగా పెట్టాలనుకున్నాడని, ఒక్కటే పెద్దది పెడదామని తనే అన్నానని ఎల్మ్‌స్లీ చాలా ఏళ్ళ తర్వాత ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. నిజమెంతో ఆ ఇద్దరికే తెలియాలి గానీ, బిల్డింగుకి ప్రాణం ఆ ఆర్చే కాబట్టి ఇప్పటికీ దీని మీద మా వాళ్ళు కొట్టుకుంటూనే ఉంటారు. 1909లో సల్లివన్ జీతం ఇవ్వలేక ఎల్మ్‌స్లీని పంపించేశాడు, అదే ఏడాది తన సామాన్లూ పుస్తకాలూ వేలానికి పెట్టుకున్నాడు. ఇంత గొప్ప బిల్డింగు తెరిచిన మరుసటి ఏడాది!

మిగతాది రాత్రికి రాస్తా, మీటింగుంది.

రాణి_మినియాపోలిస్:

ఇటుకలబట్టీ గారు బయట చెప్పారు, నేను లోపల చెప్తా. మేం వెళ్ళింది వర్కింగ్ డే, మధ్యాహ్నం, మా పాపని తీసుకుని. మా ఇంటి నుంచి అరవై అయిదు మైళ్ళే, ఐ-35 ఎక్కితే గంట.

తలుపు తీసి లోపలికెళ్ళగానే మా పాప మాట్లాడటం ఆపేసింది, అది మామూలుగా జరిగే పని కాదు. మధ్యలో ఒక్క స్తంభం లేదు, ఆ పెట్టె బయట కొలతే నాలుగు వైపులా అరవై ఎనిమిదడుగుల చదరం, హాలు ఎత్తు కూడా చాలా. వీధి వైపు రెండు ఆర్చీల్లో రంగుటద్దాలు, వాటిలోంచి వచ్చే వెలుతురు పచ్చగా, కొంచెం పసుపుగా ఉంటుంది, మామిడి తోటలో నీడన నిలబడితే ఎలా ఉంటుందో అలా. అద్దాల పని లూయీ మిలే అనే ఆయనది. మిగతా రెండు వైపులా అదే సైజు ఆర్చీల్లో గోడ మీద బొమ్మలు, ఒకదాంట్లో ఆవులు మేస్తూ ఉంటాయి, ఇంకోదాంట్లో పంట కోత. వేసింది ఆస్కర్ గ్రాస్ అని వియన్నా నుంచి వచ్చిన పెయింటరు. బ్యాంకు గోడ మీద ఆవులేంటమ్మా అని మా పాప అడిగింది. ఆ రోజుల్లో స్టీల్ కౌంటీ (ఒవటోనా ఉన్న జిల్లా) అంటే వెన్న, ప్రపంచానికి వెన్న రాజధాని అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు, ఆవు లేకపోతే అక్కడ డిపాజిట్టే లేదు.

లైట్ల గురించి చెప్పాలి. నాలుగు మూలలా వేలాడుతుంటాయి, పోత ఇనుము, ఒక్కోటి పద్దెనిమిదడుగుల పొడుగు, రెండుంపావు టన్నుల బరువు. కింద నిలబడి పైకి చూస్తే కొంచెం భయమేసింది నిజం చెప్తున్నా. కానీ దగ్గరగా చూస్తే ఇనుములా ఉండదు, గుత్తులు గుత్తులుగా ఆకులూ మొగ్గలూ, అరటి గెల తలకిందులుగా వేలాడినట్టు. సల్లివన్ బెనెట్‌కి రాసిన ఉత్తరంలో ఈ హాలు రంగుల సింఫనీలా ఉండాలన్నాడట, సంగీతం వదులుకుని బ్యాంకులో కూర్చున్న మనిషికి అలాంటి మాట చెప్తే ఇంకేం కావాలి, సంతకం పెట్టేస్తాడు కదా!

ఇంకొకటి, ఇది మీ మావగారికి తప్పకుండా చెప్పండి. మొదటి ప్లాన్లో రైతుల కోసం వేరే గది పెట్టారు. ఊళ్ళోకి వచ్చిన రైతులు కూర్చుని వాళ్ళ వ్యవహారాలు మాట్లాడుకోడానికి. ఆడవాళ్ళకి కూడా ఒక గది. మా నాన్న బ్యాంకుకెళ్తే చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికెళ్ళేవాడు, చిన్నప్పుడు నాకది మామూలే అనిపించేది, ఆ ప్లాను చూశాక అనిపించలేదు.

ఖమ్మం_పోరడు:

అన్నా అక్కా అందరు తిట్టకండి గానీ నాకొక డౌటు. రైతుల పైసలతోటి గంత పెద్ద బంగ్లా కట్టి, గోడ మీద ఆవు బొమ్మలేసి, రైతుల కోసమే అంటే నమ్మాల్నా? వడ్డీ ఏమన్న తగ్గించిండ్రా ఆ ఆర్చి చూసి? మా దగ్గర గూడ ఫైనాన్స్ కంపెనీ పెట్టేటోడు ముందుగాల గ్రానైట్ ఫ్లోర్, గ్లాస్ డోర్, ఏసీ పెడ్తడు, మనం ఆ ఏసీ చూసి పైసలేస్తం, ఆర్నెల్లకు షట్టరు బంద్. గా గ్రీకు స్తంభాలు గూడ గదే కదా, గీ ఆర్చి గూడ గదే. డిజైన్ మారింది గంతే. గా బ్యాంకు ఉందా ఇప్పుడు? ఉంటే చెప్పుండ్రి.

ఇటుకలబట్టీ:

పోరడా, నువ్వడిగింది సరైన ప్రశ్న, తిట్టడానికేం లేదు. ఆ బ్యాంకు లేదు. 1926లో మూతపడింది.

కానీ నువ్వు చెప్పే షట్టరు బంద్ లాంటిది కాదు. ఏం జరిగిందంటే, మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడు యూరప్‌లో పొలాలు పాడై, అమెరికా గోధుమకీ మాంసానికీ వెన్నకీ ఎక్కడలేని గిరాకీ. రేట్లు పెరిగాయి, భూముల ధరలు ఇంకా పెరిగాయి, ప్రతి రైతూ పక్క పొలం కొనడానికి ఉన్న పొలం తాకట్టు పెట్టాడు. ఊరి బ్యాంకులు అప్పులిచ్చాయి. యుద్ధం అయిపోయి యూరప్ మళ్ళీ పండించుకోవడం మొదలెట్టగానే 1920-21లో రేట్లు ఒక్కసారి కుప్పకూలాయి. పంట అమ్మితే వచ్చేది తగ్గింది, అప్పు మాత్రం పాత రేట్ల మీద చేసిందే. అక్కణ్ణించి అయిదారేళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి పల్లెటూరి బ్యాంకులు ఒక్కోటీ పడిపోయాయి. 1929 షేర్ మార్కెట్ క్రాష్‌ని అందరూ చెప్తారు గానీ, దానికి ముందే ఆ దశాబ్దంలో అమెరికాలో అయిదు వేలకి పైగా బ్యాంకులు మూతపడ్డాయి, ఎక్కువ శాతం ఇలాంటి చిన్న ఊళ్ళవే. కాబట్టి ఆర్చి వల్ల బ్యాంకు మునగలేదు, గ్రీకు స్తంభాలున్నవి కూడా అలాగే మునిగాయి.

అయితే నీ మొదటి పాయింటు నేను కొట్టెయ్యను. ఆ బిల్డింగు నమ్మకం అమ్మడానికే కట్టారు, బెనెట్ ఆ మాట దాచుకోలేదు కూడా, తెరిచిన ఏడాదే అదే క్రాఫ్ట్స్‌మన్ పత్రికలో రైతుల కోసం కట్టిన బ్యాంకు అని తనే వ్యాసం రాశాడు. ఇంకో తెలివైన పని కూడా చేశాడు, మీరు ఫోటోల్లో పెద్ద పెట్టె మాత్రమే చూస్తారు, దాని పక్కనే వీధి పొడుగునా అదే ఇటుకతో తక్కువ ఎత్తులో ఇంకో భాగం ఉంది, కింద షాపులు, పైన ఆఫీసులు, అద్దెకి. మీ దగ్గర మడిగెలంటారు కదా, అవే. బ్యాంకు ఒక్కటీ కట్టి ఊరుకోలేదు, అద్దెలు వచ్చేట్టు చూసుకున్నాడు. నా కంటికి ఆ మడిగెల భాగం కూడా బాగుంటుంది, అంత పెద్ద పెట్టె పక్కన చిన్న చిన్న షాపులు కుదరడం కష్టం, అక్కడ కుదిరింది.

మనుషుల సంగతి. సల్లివన్ 1924 ఏప్రిల్లో చికాగోలో ఒక హోటల్ గదిలో పోయాడు, చేతిలో డబ్బుల్లేవు, చివర్లో పాత స్నేహితులు సాయం చేశారు, వాళ్ళలో రైట్ కూడా ఉన్నాడు. రెండేళ్ళకి బ్యాంకు పోయింది. బెనెట్ సల్లివన్ చేత ఇల్లు కూడా డిజైన్ చేయించుకున్నాడు 1912లో, అది కాగితం మీదే ఉండిపోయింది. బ్యాంకు మూతపడ్డాక ఊరొదిలి మినియాపోలిస్ వెళ్ళిపోయాడు, ఆరోగ్యమూ దెబ్బతింది, 1941లో పోయాడు. మీ మావగారి మూడో ప్రశ్నకి జవాబు ఇదే తమ్ముడూ, చెప్పడానికి నాకే బాగాలేదు.

తణుకు_తమ్ముడు:

అన్నయ్యా, అక్కా, చాలా థాంక్స్. అంతా ఆయనకి చదివి వినిపించా. రైతుల గది దగ్గర "మళ్ళీ చదువు" అన్నారు. బ్యాంకు పోయింది అనగానే ఆయన అడిగింది ఒక్కటే: "డిపాజిట్లు వేసినవాళ్ళకి ఇన్సూరెన్సు ఉందా అప్పట్లో?" ఆర్చి, సింఫనీ అన్నీ పోయాయి, సెక్రటరీ గారు బయటికొచ్చేశారు 😄 ఇంకా, బిల్డింగు ఎలా మిగిలింది అంటున్నారు, బ్యాంకు పోతే ఎవడో కొని పడగొట్టెయ్యాలి కదా అని.

స్టాంపుల_తాతయ్య:

బాబూ, మీ మావగారికి చెప్పండి, లేదు. 1926లో అమెరికాలో దేశం మొత్తానికి వర్తించే డిపాజిట్ ఇన్సూరెన్సు లేదు. 1933లో చట్టం చేశారు, 1934 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, మొదట్లో ఒక్కో ఖాతాదారుకి 2,500 డాలర్ల వరకే. పేరులో నేషనల్ ఉందని ప్రభుత్వ బ్యాంకు అనుకునేరు, కాదు, లైసెన్సు వాషింగ్టన్ నుంచి వచ్చిందని అర్థం, అంతే. మన దగ్గర ఇది 1962లో వచ్చింది, ఇప్పుడు అయిదు లక్షలు, అది ఆయనకి నాకంటే బాగా తెలిసుంటుంది.

బిల్డింగు సంగతికొస్తే, 1929లో సెక్యూరిటీ బ్యాంకు వాళ్ళు కొన్నారు. కొన్నవాళ్ళూ బ్యాంకు వాళ్ళే కావడం అదృష్టం. కానీ 1940లో "మోడర్న్" చేద్దామని లోపల చాలా పీకేశారు, పాత టెల్లర్ కౌంటర్లకుండే పోత ఇనుప జాలీలు తీసి పారేశారు. అంత పనితనం ఉన్న జాలీలు! ఒకటి ఇప్పుడు మినియాపోలిస్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది, అప్పుడు తుక్కు, ఇప్పుడు కళాఖండం. మళ్ళీ 1950ల చివర్లో హార్వెల్ హామిల్టన్ హారిస్ అనే ఆర్కిటెక్టుని పిలిచి జాగ్రత్తగా బాగుచేయించారు, పోయినవి ఎలాగూ తిరిగి రావు, ఉన్నవాటిని కాపాడాడు. తర్వాత నార్వెస్ట్ బ్యాంకు, 1998లో అది వెల్స్ ఫార్గోతో కలిశాక ఆ పేరు. ఈలోపు 1976లో జాతీయ చారిత్రక కట్టడంగా ప్రకటించారు కాబట్టి పడగొట్టే ఆలోచన ఇక ఎవరికీ రాదు.

నేను ఈ బిల్డింగుని చూసింది మొదట స్టాంపు మీద. 1981లో అమెరికా తపాలా వాళ్ళు ఆర్కిటెక్చర్ సిరీస్ వేశారు, నాలుగు స్టాంపులు, పద్దెనిమిది సెంట్లవి. అందులో ఒకటి ఒవటోనా బ్యాంకు. మిగతా మూడింట్లో ఒకటి బిల్ట్‌మోర్ ప్యాలెసు, అంటే వాండర్‌బిల్ట్ కోటీశ్వరుడి ఇల్లు. దాని పక్కన పాడి రైతుల ఊళ్ళో బ్యాంకు! ఆల్బమ్‌లో ఆ రెండూ పక్కపక్కనే పెట్టుకున్నాను నేను. మీ మావగారికి కావాలంటే ఒకటి పోస్టులో పంపుతాను, నా దగ్గర డూప్లికేట్లు ఉన్నాయి, అడ్రసు ఇక్కడ పెట్టకండి, విడిగా మెసేజ్ చెయ్యండి.

పర్డ్యూ_బ్యాచ్:

ఆగండాగండి. సల్లివన్ అంటే... ఇండియానాలో వెస్ట్ లఫాయెట్‌లో మా పర్డ్యూ యూనివర్సిటీ క్యాంపస్ పక్కన త్రికోణంలాంటి జాగాలో ఒక చిన్న బ్యాంకుంటుంది, దాని పేరు పాత రోజుల్లో పర్డ్యూ స్టేట్ బ్యాంక్, అది కూడా ఈయనదేనా??? ఇప్పుడే గూగుల్ చేశా, అదే, 1914!! బాబోయ్ నేను రెండేళ్ళు ఎమ్మెస్ చేసినన్నాళ్ళూ అక్కడ డబ్బులు తీసుకున్నా, వెనకాల ఎవడన్నా తొందర పెడితే తిట్టుకుంటూ వచ్చేసేవాణ్ణి, ఒక్కరోజు కూడా తలెత్తి గోడ చూళ్ళేదు. అక్కడ ఎన్ని వందలమంది తెలుగోళ్ళు ఉంటారు, ఎవడికీ తెలీదు. సిగ్గేస్తోంది.

ఇటుకలబట్టీ:

సిగ్గెందుకులే, ఆ బిల్డింగుని ఎవరూ సరిగ్గా చూళ్ళేదు, తర్వాత వచ్చినవాళ్ళు మార్చి మార్చి దాని మొహం పాడుచేశారు. సల్లివన్ బ్యాంకుల్లో అన్నిటికంటే చిన్నది, తక్కువ బడ్జెట్‌ది.

ఒవటోనా తర్వాత పదేళ్ళ పైన అతను బతికింది ఇలాంటి చిన్న ఊళ్ళ బ్యాంకుల మీదే. వీటిని నగల పెట్టెలంటారు మా వాళ్ళు. అయోవాలో గ్రిన్నెల్, 1914, తలుపు పైన గుండ్రటి కిటికీ ఉంటుంది, దాని చుట్టూ డిజైను చూస్తే సంక్రాంతి ముగ్గే. ఒహాయోలో న్యూఆర్క్, సిడ్నీ. సిడ్నీ బ్యాంకు ముఖం మీద ఆర్చిలో నీలం మొజాయిక్ మీద పొదుపు అనే అర్థం వచ్చే ఒక్క మాట రాసుంటుంది, అంతే. విస్కాన్సిన్‌లో కొలంబస్, 1919, దాదాపు చివరిది. అన్నీ హైవే పక్క ఊళ్ళే, రోడ్ ట్రిప్పుల్లో ఎవరైనా ఇరవై నిమిషాలు పక్కకి తిరిగితే చూడొచ్చు.

తమ్ముడూ, నీకు ఇంకా దగ్గర్లో ఒకటుంది. రాచెస్టర్ నుంచి తూర్పుగా వెళ్తే వినోనా, మిస్సిసిపీ ఒడ్డున. అక్కడ మర్చంట్స్ బ్యాంకు, 1912. అది సల్లివన్ కట్టలేదు, నేను పైన మంటగా ఉందన్నానే ఆ ఎల్మ్‌స్లీ, సల్లివన్ పంపించేశాక పర్సెల్ అనే ఆయనతో కలిసి కట్టింది. అదే ఎర్ర ఇటుక, అవే కాల్చిన మట్టి డిజైన్లు, అవే రంగుటద్దాలు, కానీ ఆర్చి లేదు, వీధి పొడుగునా నిటారుగా పెద్ద కిటికీ గోడ. రెండూ ఒకేరోజు చూస్తే ఎవరి చెయ్యి ఎక్కడుందో నీకే తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు.

ఖమ్మం_పోరడు:

సరే అన్నా ఒప్పుకున్న సగం. మిగిలిన సగం ఒప్పుకోను, వడ్డీ రేటు ఎవ్వరు చెప్పలే. గానీ గా రైతుల గది ముచ్చట మంచిగున్నది. మా బాపు ఇప్పటికి బ్యాంకుల ఫాం నింపాల్నంటే నిలబడే నింపుతడు, కుర్చీ ఖాళీగున్నా గూసోడు.

రాణి_మినియాపోలిస్:

ఖమ్మం తమ్ముడూ, మా నాన్నా అంతే 🙂

తణుకు_తమ్ముడు:

ఒక అప్‌డేట్. నిన్న సెలవు పెట్టి, బ్యాంకు తెరిచే టైముకి మావగారిని మళ్ళీ తీసుకెళ్ళా. లైట్లు చూసి "ఊడి పడితే ఎంతమంది పోతారు" అన్నారు, రాణి అక్కా మీరు ఒంటరి కాదు. ఆవుల బొమ్మ కింద చాలాసేపు నిలబడి, మధ్యలో ఉన్నది పాలిచ్చే ఆవు కాదు, పొదుగు అలా వెయ్యరు అని ఆ పెయింటర్ మీద ఒక కామెంటు చేశారు. నాకు ఆవుల గురించి తెలీదు, కాబట్టి మాట్లాడలేదు.

తర్వాత హాలు మధ్యలో నిలబడి లెక్కలు మొదలెట్టారు. కౌంటర్లు ఇక్కడుంటే క్యూ ఇలా వస్తుంది, మేనేజర్ ఇక్కడ కూర్చుంటే తలుపులోంచి వచ్చే ప్రతి రైతూ కనపడతాడు, అప్పు ఎగ్గొట్టినవాడు మొహం తిప్పుకుని పోలేడు అని. తన సొసైటీలో పాతికేళ్ళు ఒకటే గది, ఎరువు బస్తాల వాసన, బయట వేపచెట్టు కింద సిమెంటు బెంచీ, రైతుల గది అంటే అదే అన్నారు. ఆ బెంచీ తనే పోయించారట, పంచాయతీ డబ్బులు రాకపోతే. ఇన్నేళ్ళలో ఈ మాట మా ఆవిడకి కూడా చెప్పలేదు.

తాతయ్యగారూ, మెసేజ్ పెట్టానండి. స్టాంపు ఒకటి కాదు, వీలైతే రెండు పంపండి, రెండోది సొసైటీ ఆఫీసులో అతికిస్తారట. ఇటుకలబట్టీ అన్నయ్యా, ఆదివారం వినోనా వెళ్తున్నాం, అక్కడ కూడా తలుపులు మూసే ఉంటాయి కదా అంటే, బయటినించి ఇటుకలు చూస్తాలే, ఆ స్కాట్లాండ్ అబ్బాయి చెయ్యి అంటున్నారుగా అన్నారు.